ఒకట్లు చాలని సంవత్సరం

ఏలూరు రోడ్డు వెనక సందులో
రేకుల కప్పు కింద ట్రెడిల్ మిషను.
నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు,
నెలకు అరవై రూపాయల ప్రూఫు రీడర్ని.

వచ్చిన పని ముప్పై రెండు పేజీల పుస్తకం:
పారిస్‌లో పద్దెనిమిది వందల డెబ్బై ఒకటి.
నూరేళ్ళయిందని లెక్చరరు వేమూరి గారు
రూళ్ళ కాగితాల మీద కొట్టివేతలతో సహా తెచ్చారు.

రెండో పేజీకే కేసులో ఒకట్లు అయిపోయాయి.
ఆ ఏడాదిలో రెండు,
నూరేళ్ళ తర్వాతి ఏడాదిలో మరో రెండు.
కంపోజిటర్ మీరావలి గళ్ళన్నీ దులిపి
"ఈ ఏడు ఖరీదైంది బాబూ" అన్నాడు.
స్టిక్కులో పేర్చిన సీసపు అంకెలు
నా కంటికి 1781 అని కనపడేవి,
రాజు తల ఇంకా రాజు మెడ మీదే ఉన్న ఏడు.
"అలా కాదు, అద్దంలో చదవడం నేర్చుకో" అనేవాడు.

మొదటి ఫారం నిండా ఆకలి.
శత్రువు చుట్టుముట్టిన చలికాలం,
ఎలుకకో ధర, పిల్లికో ధర,
జంతుశాల ఏనుగుల్ని కోసి అమ్మారట.
మీరావలి ఏనుగు దగ్గర ఆగి
"తొండం ఎవరు కొన్నారో రాయలేదే" అన్నాడు.

మూడో ఫారంలో నిజంగా ఆగిపోయాడు.
తాకట్టులో ఉన్న పనిముట్లు, పరుపులు, దుప్పట్లు
ఇరవై ఫ్రాంకుల లోపువైతే
పైసా కట్టించుకోకుండా తిరిగి ఇచ్చేశారు.
చదివాడు. మళ్ళీ చదివాడు.
"ఇరవై ఫ్రాంకులంటే మన డబ్బుల్లో ఎంత?"
నాకు తెలీదు. లెక్చరరు గారికీ తెలీదు.
కాశింబీ కుట్టుమిషను
ఇస్లాంపేట తాకట్టు కొట్లో ఉందని
మూడు రోజుల తర్వాత గాని నేను వినలేదు.

రొట్టెల బట్టీల్లో రాత్రిపని రద్దు చేశారన్న పేరా
నేనే చదివి వినిపించాను,
కొత్తపేట బేకరీ నుంచి
తెల్లారకముందే బన్నులు మోసే ఏసుపాదానికి.
సైకిలు స్టాండు వెయ్యకుండానే విన్నాడు.
"మరి పొద్దున్నే వేడి రొట్టె ఎవడు తింటాడు?"
కాసేపాగి,
"తినకపోతే ఏం? పడుకుంటాను" అన్నాడు.

మే నెల వచ్చింది,
పుస్తకంలోనూ బెజవాడలోనూ.
రైవస్ కాలువ అడుగు బయటపడింది.
కొండలు అర్ధరాత్రి దాకా వేడి కక్కేవి.
రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు,
అక్కడ ఆ కార్తెలోనే
మనుషుల్ని గోడకి నిలబెట్టారు.
డెబ్బై రెండు రోజుల ఏలుబడికి
వారం రోజుల చావు.
లెక్క తేలలేదు: పదివేలన్నారు, ఇరవై వేలన్నారు.
సున్నాలు మాత్రం కేసులో కావలసినన్ని ఉన్నాయి.
మెడకు తడిగుడ్డ చుట్టుకుని
మీరావలి ఆ పేజీ ఒక్క మాటా లేకుండా పేర్చాడు.

ఆఖరి ప్రూఫులో పట్టుకున్నాను.
"తిరిగి ఇచ్చేశారు" ఉండవలసిన చోట
"తిరిగి ఇచ్చేస్తారు".
శ పోయి, స కింద ఒక త వత్తు.
ముప్పై ఏళ్ళుగా తప్పని చెయ్యి.
ఎర్ర పెన్సిలు చెక్కాను.
చెక్కుతూనే కూర్చున్నాను.
అతను ఇటు చూడలేదు.
సంతకం పెట్టి మిషనుకి పంపాను.

అచ్చయ్యాక ఫారాలు విప్పి
కిరసనాయిలుతో కడిగి
ఏ అక్షరాన్ని ఆ గడికి పంపేశాడు.
మర్నాడు ఒక శుభలేఖ, ముహూర్తం రాత్రి 8.17.
అవే అంకెలు. ఒక ఒకటి మిగిలింది.
దాన్ని వేళ్ళ మధ్య చాలాసేపు తిప్పి
గడిలో పడేశాడు.

లెక్చరరు గారు చూశారో లేదో, అనలేదు.
కుట్టుమిషను ఆ దసరాకి వేలంలో పోయింది.

నా దగ్గర ఒక ప్రతి ఉంది.
ఇరవై ఒకటో పేజీ, కింద నుంచి నాలుగో వరస.
ఆ త వత్తు మిగతా వాటికంటే లోతుగా దిగింది.
పేజీ తిప్పి తడిమినా
వేలికి తగులుతుంది.